పెద్ద బేళ్లు, చిన్న రైతులు

వేసవిలో పచ్చిమేత కరవైన పాడి రైతుకు పాతర గడ్డి ఆదరువన్నది నిర్వివాదాంశం. దానిని బేళ్లుగా చుట్టి అమ్మే యూనిట్లకు 2021లో సవరించిన జాతీయ పశుసంపద మిషన్ కింద కేంద్రం 50 శాతం, గరిష్ఠంగా 50 లక్షల రూపాయల రాయితీ ప్రకటించింది. సహకార సంఘాలూ అర్హమైనవే. కాని మిగతా సగం పెట్టుబడి తేగలిగినవారే ముందుకు రాగలరు.

గింజ పాలుపోసుకుని గట్టిపడుతున్న దశలో మొక్కజొన్నను కోసి, ముక్కలు చేసి, గాలి చొరకుండా నొక్కి ప్లాస్టిక్ పొర చుడితే లాక్టిక్ ఆమ్లం ఏర్పడి మేత నెలల తరబడి నిలుస్తుంది. పొరకు ఎలుక కన్నం పెట్టినా, విప్పిన బేలును వెంటనే వాడకపోయినా బూజు తప్పదు. చిక్కంతా ఇక్కడే ఉంది. రెండు గేదెలున్న ఇంట రోజుకు 40 కిలోలకు మించి ఖర్చు కాదు. 500 కిలోల బేలు విప్పితే 12 రోజులకు పైగా పడుతుంది. ఆ ఎండలో అడుగు మేత పెంటకుప్పకే. గేదె పాలు తగ్గితే యంత్రం యజమానికి కలిగే నష్టమేమీ లేదు!

కనుక 50 కిలోల బేళ్లు కట్టే యంత్రాలకు, అందునా పాల సంఘాలకు, రాయితీలో తొలి ప్రాధాన్యం ఇవ్వడం సమంజసం. బేలుపై తయారీ తేదీ, తేమ శాతం ముద్రించడాన్ని తప్పనిసరి చేయాలి. ఉదయం కేంద్రంలో పాలు పోసిన రైతు తిరుగుదారిలో సైకిలుపై వేసుకుపోగల మూట అంతే.