వయసు కాదు, శ్రుతి చూడండి



పరీక్షలు అయిపోయి బడులకి సెలవులు ఇచ్చేసరికి మా విజయనగరంలో గోడల నిండా కరపత్రాలు వెలుస్తాయి. ఈత, చదరంగం, బొమ్మలు వేయడం, కరాటే, కర్ణాటక సంగీతం. సంగీతం కరపత్రాల్లో నేను చూసినవాటన్నిటి అడుగునా ఒకటే మాట: 'ఐదు నుంచి పదహారేళ్ళ వారికి మాత్రమే'. ఆ మాట తీసేయమని అడగడానికే ఈ ఉత్తరం.

కిందటి వేసవిలో మా మనవరాలిని ఒక శిబిరంలో చేర్చాను. పొద్దున్నే ఆరున్నరకి దిగబెట్టి ఎనిమిదింటికి మళ్ళీ తీసుకురావాలి. ఈలోపు ఇంటికి వెళ్ళి రావడం ఎందుకని వరండాలో బల్ల మీద కూర్చునేదాన్ని. నాతోబాటు మరో ఐదారుగురు. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైన ఒకావిడ, బట్టలు కుట్టే ఒకావిడ, పిల్లల్ని ఆటోలో తెచ్చే ఒక కుర్రాడు. లోపల సరళీ వరసలు మొదలయ్యేవి. మూడోరోజుకే బల్ల మీద మా అందరి చేతులూ తాళం వేస్తున్నాయి. వారం తిరిగేసరికి మొదటి ఏడు వరసలూ నోటికి వచ్చేశాయి. అప్పుడు ధైర్యం చేసి అడిగాను, "మాస్టారూ, మేమూ వెనకాల కూర్చుంటాం, ఫీజు కూడా కడతాం" అని. "ఇది పిల్లల శిబిరం అమ్మా. ఈ వయసులో మీకెందుకు చెప్పండి ఇదంతా" అన్నారాయన. మర్యాదగానే అన్నారు. నియమం పెట్టినవాళ్ళు వేరే. అయినా ఆ 'ఎందుకు'కి జవాబు చెప్పకుండా ఏడాదిగా నా మనసు ఊరుకోవడం లేదు.

వేరే ఊళ్ళో ఎవరైనా ఆ మాట అని ఉంటే ఇంత బాధ కలిగేది కాదేమో. ఇక్కడి సంగీత కళాశాల 1919లో పుట్టింది. సంస్థానం కొలువులో ఉన్న ఒకాయన కొడుక్కి చూపు లేదు, సంగీతం నేర్చుకోవాలని ఆశ. ఆ సంగతి విన్న విజయరామ గజపతి మహారాజు ఆ కుర్రాడితోబాటు అందరికీ పనికొస్తుందని ఏకంగా కళాశాలే పెట్టించారని మా పెద్దలు చెప్పేవారు. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు శిష్యుడిగా చేరదామని వచ్చేనాటికి ఇరవయ్యారేళ్ళవారు. ఆయన ఫిడేలు విన్న దాసుగారు చేర్చుకోవడమే ఆచార్యుడిగా చేర్చుకున్నారట. తర్వాత ఘంటసాలగారూ, సుశీలగారూ అక్కడ చదువుకున్నారు. ఒక్కడి ఆశ కోసం కళాశాల తలుపు తెరిచిన ఊరు మాది. ఇక్కడ పుట్టి పెరిగిన నాకు ఏ శిబిరం గడప దగ్గరైనా వయసు అడిగితే కష్టంగానే ఉంటుంది.

మొదటి అభ్యంతరం: సంగీతం చిన్నప్పుడే పట్టుబడాలి, పెద్దయ్యాక గొంతు వంగదు అంటారు. కచేరీ విద్వాంసులు కావాలంటే అది నిజమే. బాలమురళిగారు ఎనిమిదేళ్ళకే కచేరీ చేశారు. అలాంటివారి దారి వేరు. మేం కచేరీలు చేయడానికి రావడం లేదు. శ్రుతిలో నిలబడి ఒక కీర్తన తప్పుల్లేకుండా పాడుకోవాలి. సభలో కూర్చుంటే తాళం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోందో తెలియాలి. ఆది తాళం ఎనిమిది అక్షరాలని, ఒక దెబ్బ వేసి మూడు వేళ్ళు ఎంచి ఆపైన రెండు దెబ్బలూ రెండు విసుర్లూ అని తెలిసిన శ్రోతకి పల్లవి ఎత్తుగడలోనే సగం ఆనందం దక్కుతుంది. అది తెలుసుకోవడానికి అరవై దాటినవాళ్ళు పనికిరారా? ముప్పై ఐదేళ్ళు బడిలో తెలుగు పద్యాలు చెప్పాను. రాగం లేకుండా పద్యం ఎప్పుడూ చదవలేదు. అయినా నేను తీసేది ఏ రాగమో నాకే తెలియకుండా రిటైరయ్యాను.

ఇక రెండో అభ్యంతరం: పిల్లలనీ పెద్దలనీ కలిపి ఎలా పాడించాలి? ఇది నిజమైన ఇబ్బంది. ఇందులో చిక్కల్లా శ్రుతి దగ్గరే, అంటే గొంతు ఆనుకునే స్వరం ఎత్తు దగ్గరే ఉంది. చిన్నపిల్లలు సాధారణంగా ఐదు, ఐదున్నర శ్రుతిలో హాయిగా పాడతారు. మగవాళ్ళు ఒకటి, రెండు శ్రుతుల్లో. నా ఈడు ఆడవాళ్ళకి వయసుతోబాటు గొంతు కిందికి దిగుతుంది, నాలుగు అయితే సుఖం, కొందరికి మూడు. అందర్నీ ఐదు శ్రుతికి లాగితే పెద్దవాళ్ళు తారస్థాయి షడ్జం దగ్గరే ఆగిపోతారు. అందర్నీ నాలుగుకి దింపితే పిల్లలకి మంద్రం అందదు. అందుకని శిబిరాన్ని వయసును బట్టి కాక శ్రుతిని బట్టి విడదీయండి. మొదటిరోజు గురువుగారు ఒక్కొక్కరి చేతా స-ప-స పాడించి ఎవరి శ్రుతి ఎంతో చీటీ మీద రాసిస్తే చాలు. గంటన్నర పాఠంలో ఐదు శ్రుతి వాళ్ళకి అరగంట, నాలుగు వాళ్ళకి అరగంట, ఒకటి వాళ్ళకి అరగంట. ఒక గుంపు పాడుతుంటే మిగతా రెండు గుంపులూ తాళం వేస్తూ వింటాయి. నేర్చుకోవడంలో సగం వినడమే కదా, అదీ అయిపోతుంది.

దీనివల్ల ఇంకొక మేలు ఉంది. పదమూడు, పధ్నాలుగేళ్ళకి మగపిల్లలకి గొంతు బొంగురుపోతుంది. నిన్నటిదాకా ఐదున్నరలో ముందు కూర్చుని పాడినవాడు ఒక్కసారిగా అపస్వరం పలికితే పక్కవాళ్ళు నవ్వుతారు. వాడు మర్నాడు రాడు. నా బడిలో ప్రార్థన గీతం పాడే పిల్లలు ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఒక్కొక్కరే ఇలా తగ్గిపోవడం ఏటా చూశాను. అదే గదిలో ఒకటి శ్రుతిలో పాడే అన్నయ్యలూ బాబాయిలూ ఉంటే, గొంతు కుదుటపడేదాకా వాడు వాళ్ళ దగ్గర కూర్చుని తాళం వేస్తాడు, ఆ తర్వాత వాళ్ళతో కలుస్తాడు. మానేయాల్సిన అవసరం రాదు.

ఇదేమీ కొత్తగా కనిపెట్టినది కాదు. మన పల్లెల్లో వేసవే పాటల కాలం. కోతలు అయిపోతాయి, చేతినిండా పని ఉండదు. శ్రీరామనవమికి చలువ పందిళ్ళు వేస్తే తొమ్మిది రాత్రులు హరికథలూ భజనలూ. భజన గుంపులో తాత తాళాలు వాయిస్తుంటే మనవడు వంతపాడేవాడు. ఎవరి వయసూ ఎవరూ అడిగేవారు కాదు. కోలాటం నేర్పే గురువు ఊళ్ళోకి వస్తే పదేళ్ళవాడూ నలభై ఏళ్ళవాడూ ఒకే చుట్టులో అడుగు వేసేవారు. రేడియో దగ్గరా అంతే. విజయవాడలో 1948లో ఆకాశవాణి కేంద్రం వచ్చింది. ఆ తర్వాత 'సంగీత శిక్షణ' పేరుతో వచ్చిన కార్యక్రమంలో గురువు ఒక పంక్తి పాడేవారు, శిష్యులు తిరిగి పాడేవారు. మా అమ్మ పప్పు రుబ్బుతూ ఆ శిష్యుల వెనకాల తనూ పాడేది. అలా ఆమెకి వచ్చిన రెండు కీర్తనలే మా ఇంట్లో ప్రతి శుభకార్యానికీ వినిపించేవి.

ఎన్నాళ్ళు, ఎక్కడ, ఎవరు చెబుతారు అంటారేమో. ఏప్రిల్ చివరివారం నుంచి జూన్ 11 దాకా మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులకి సెలవులు. అందులో ఒక మండలం, నలభై రోజులు చాలు. సరళీ వరసలు, కొన్ని జంట వరసలు రెండు కాలాల్లో, మలహరిలో ఒక గీతం, ఒక అన్నమయ్య కీర్తన. అంతకన్నా ఎక్కువ పెట్టుకోవద్దు. పదిహేను రోజుల్లో పది పాటలు బట్టీ పట్టించి చివరిరోజు వేదికెక్కించే పద్ధతి పిల్లలకే మంచిది కాదని నా నమ్మకం. ఉద్యోగస్తులకి రాత్రి ఏడున్నరకి ఒక తరగతి, మిగతావారికి ఎండ ముదరకముందే పొద్దున ఒకటి. సర్టిఫికెట్ చదువంటే ఏళ్ళ తరబడి సాగేది, ఇల్లూ ఉద్యోగం ఉన్నవాళ్ళకి సాధ్యం కాదు. ఈ నలభై రోజులు సాధ్యమే. ఆ వేళల్లో బడుల గదులు తాళం వేసే ఉంటాయి. సంగీతంలో డిప్లొమాలు పుచ్చుకుని ఇంటింటికీ తిరిగి పాఠాలు చెప్పుకుంటున్న యువతీ యువకులు ప్రతి పట్నంలోనూ ఉన్నారు. వాళ్ళకి గౌరవప్రదమైన వేతనం ఇచ్చి పిలవండి. ఉచితంగా చెప్పమని మాత్రం అడగొద్దు.

వాయిద్యాల గురించి ఒక్క మాట. మా జిల్లాలోనే బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో వీణలు చేస్తారు. ఒక్క వీణ కొనాలన్నా మామూలు సంసారికి భారమే. నలభై రోజులకి అద్దెకి ఇచ్చే ఏర్పాటు ఉంటే పెద్దవాళ్ళు ఎంతోమంది వస్తారు. అయితే వీణ మెట్లు మైనంలో నిలిపినవి. వేసవి ఎండ తగిలే కిటికీ పక్కన పెడితే మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి, స్వరస్థానాలు తప్పుతాయి. వాయిద్యాలకి చల్లని గది ఒకటి ముందే చూసుకోవాలి. మోకాళ్ళ నొప్పులవాళ్ళకి కింద కూర్చోమనకుండా కుర్చీలు వేయాలి. పెద్దల్ని పిలిచే శిబిరానికి కావలసిన అదనపు ఖర్చు నాకు తెలిసి ఇంతే.

సంస్కృతి శాఖల అధికారులకీ, దేవాలయ కమిటీలకీ, శిబిరాలు నడిపే సంస్థలకీ నా మనవి ఒక్కటే. వచ్చే వేసవి కరపత్రం అచ్చుకి ఇచ్చేముందు వయసు దగ్గర 'అందరికీ' అని రాయండి. ఆ వరండా బల్ల మీది వాళ్ళం, మా వీధిలో వాళ్ళం కలిపి తొమ్మిదిమందిమి పేర్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. ఆటో కుర్రాడు కూడా వస్తానన్నాడు, రాత్రి తరగతి అయితే.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
విజయనగరం