ఎర్రని పిడి ఉన్నంతమాత్రాన సరిపోదు

యాంగోన్‌లో కరెంటు పోవడం ఎవరికీ వింత కాదు. 2021 తరువాత కోతలు మరింత తీవ్రమైనాయి. స్తోమత గల ఇంట ఇన్వర్టరో, వాకిట చిన్న జనరేటరో వెలిసింది. వాటితోపాటు ప్రతి గృహస్థుడూ సగం ఎలక్ట్రీషియన్ అయినాడు. అందుకు నాకు అభ్యంతరం లేదు. అతని చేతిలోని పనిముట్టును చూసినప్పుడే భయం కలుగుతుంది.

గత వర్షాకాలంలో మా బావమరిది ఫ్యూజు మార్చబోతుండగా అతని కటింగ్ ప్లేయరును తీసుకొని చూశాను. ఎర్రని తొడుగు పిడిమీద వదులుగా తిరుగుతున్నది; కాస్త లాగితే మేజోడు వలె ఊడి వచ్చింది. "ప్లాస్టిక్ ఉన్నది కదా బావగారూ, షాకెందుకు కొడుతుంది?" అన్నాడు.

ఆ ప్లాస్టిక్ సాధారణంగా పి.వి.సి. అది మంచి విద్యుద్బంధకమే. ఎలక్ట్రానులు బంధాలలో చిక్కుకొని ఉండడం వలన స్వేచ్ఛగా కదలలేవు. కాని శుద్ధమైన పి.వి.సి. గట్టిది. దానిని మెత్తపరచడానికి ప్లాస్టిసైజర్లనే నూనెవంటి పదార్థాలను కలుపుతారు. ఇవి పాలిమరుతో రసాయనికంగా బంధింపబడి ఉండవు గనుక, ఏళ్ల తరబడి వేడి, గ్రీజు తగిలితే మెల్లగా బయటికి పోతాయి. తొడుగు బిరుసెక్కి పగుళ్లు విడుస్తుంది. ఆ పగులులో చెమట చేరితే అందులోని లవణాలే విద్యుత్తుకు బాట వేస్తాయి. మే నుండి అక్టోబరు వరకు తడిసే ఈ నగరంలో ఇది ఊహామాత్రం కాదు. ఇక్కడి సరఫరా 230 వోల్టులు. తడిచేతుల వలన శరీర నిరోధం 1,000 ఓములకు తగ్గితే ప్రవహించేది 230 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అందులో సగం చాలు.

పట్టు కోసం వేసిన తొడుగు వేరు, ప్రాణరక్షణకు వేసినది వేరు. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1987లో ఇటువంటి పనిముట్లకు 900 సంఖ్యగల ప్రమాణాన్ని వెలువరించింది. నేడు దాని సంఖ్య 60900. దాని ప్రకారం ప్రతి పనిముట్టునూ 10,000 వోల్టుల వద్ద పరీక్షించి, ఏ.సి.లో 1,000 వోల్టుల వరకే వాడదగినదని నిర్ణయిస్తారు. ఒకదానిలోనికొకటి చొచ్చుకొన్న రెండు త్రికోణాలు, ప్రక్కన 1000 వి. అన్న అక్షరాలు దాని గుర్తు. స్క్రూడ్రైవరయితే కడ్డీ సైతం కొనదాకా కప్పబడి ఉంటుంది. కొన్నింటిలో పైపొర ఒక రంగు, లోపొర మరొక రంగు. లోపలి రంగు కనిపించిననాడు దానిని పారవేయవలసినదే. టేపు చుట్టి వాడడం ఆత్మవంచన.

ఇన్వర్టరుకు లక్షల క్యాట్లు వెచ్చించి, పనివానితో మాత్రం కూలికి బేరమాడతాం. అతడు ఏ పనిముట్టు తెచ్చాడో చూడం. మన పూర్వులలో అనేకులు ఈ రేవులోనే బరువులు మోసిన కూలీలు. పరీక్షకు నిలిచిన ఒక జత పనిముట్లు ప్రతి ఇంటా ఉంచి, పనికి వచ్చినవాని చేతికి ఇవ్వడం ఇంటివారి బాధ్యత అని నా నిశ్చితాభిప్రాయం.

అయితే ఆ పనిముట్టుకూ హద్దు ఉన్నది. మెయిన్ స్విచ్ ఆపినా ఇన్వర్టరు తీగలో కరెంటు ఉంటుంది. ఛేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటరు కలిపితే విద్యుత్తు వీధిలోనికి వెనుకకు పోతుంది. ట్రాన్స్‌ఫార్మరులో వేల వోల్టులై, కరెంటు లేదనుకొని స్తంభమెక్కిన లైన్‌మన్‌ను తాకగలదు. మా బావమరిది ఇంట ఆ స్విచ్ లేదు. కటింగ్ ప్లేయరుకంటే ముందు దానిని పెట్టించుమన్నాను. ఇంకా ధర విచారిస్తున్నాడు.