వెళ్లొచ్చినవాడికి ఎంత తెలుసు?

ఊరికి బయల్దేరేముందు గైడ్ పుస్తకం కొనేవాడు ఇప్పుడు వెర్రివాడి కింద లెక్క. ఫేస్‌బుక్ గ్రూపులో ఒక ప్రశ్న పడేస్తే పావుగంటలో పాతిక జవాబులొస్తాయి. అన్నీ నిన్నగాక మొన్న వెళ్లొచ్చినవాళ్లవే. ఎప్పుడో అచ్చయిన పుస్తకంతో ఇక పనేముంది అంటున్నారు. పని చాలా ఉందని నేనంటాను.

హంపీనే తీసుకోండి. వరసగా రెండు సెలవులు కలిసొస్తే చాలు, అనంతపురం నుంచీ కర్నూలు నుంచీ హైదరాబాదు నుంచీ మనవాళ్లు ‘రాయలవారి ఊరు’ అంటూ కార్లు కట్టుకుని పోతారు. ఎన్ని రోజులు కావాలని గ్రూపులో అడిగితే, ‘ఒక్క రోజు చాలండీ, అన్నీ రాళ్లే’ అని ఒకరు. ‘హోస్పేటలో మేం దిగిన హోటలే బెస్ట్’ అని ఇంకొకరు. ఆ పెద్దమనిషి హోస్పేటలో దిగింది ఆ ఒక్క హోటల్లోనే. మిగతావాటి గడప తొక్కకుండా ఇది బెస్ట్ ఎలా అయిందో మనమూ అడగం.

హోటలంటే ఒక రాత్రి బాధ, సర్దుకోవచ్చు. యాభై రూపాయల నోటు మీదున్న రాతి రథం సంగతి చూడండి. ఏకశిలా రథమని ఒకరు పెడితే పదిమంది దాన్నే మళ్లీ పెడతారు. నిజానికి అది గ్రానైటు రాళ్లు పేర్చి కట్టింది. అతుకులు చెక్కడాల మాటున పడి కనిపించవు, అంతే. పైగా అది గరుత్మంతుడి గుడి. విఠలుడికి ఎదురుగా రథం రూపంలో కట్టారు. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా తీసిన ఫొటోలో దాని నెత్తిన ఇటుక గోపురం కూడా ఉంది. ముందున్న ఏనుగులు తర్వాత తెచ్చిపెట్టినవి. వాటి వెనక్కి వెళ్లి చూస్తే పాత గుర్రాల వెనక కాళ్ల ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. జవాబులిచ్చినవాళ్లంతా అక్కడే నిలబడి ఫొటో దిగినవాళ్లే!

జాన్ ఫ్రిట్జ్, జార్జ్ మిషెల్ అనే ఇద్దరు పరిశోధకుల కథ వేరు. 1980ల మొదట్లో పని మొదలుపెట్టి, ఇరవై ఏళ్ల పాటు హంపీ శిథిలాలను కొలిచి, మ్యాపులు గీయించి, సామాన్యులకోసం చేతిలో ఇమిడే గైడు కూడా రాశారు. అలాంటి పుస్తకం తెరిస్తే తెలుస్తుంది, హజార రామాలయం గోడల మీద రామాయణం మూడు వరసల్లో గుడి చుట్టూ నడుస్తుంది. ప్రదక్షిణం చేస్తూ చూస్తేనే కథ అందుతుంది. బయటి ప్రాకారం మీద ఏనుగులు, గుర్రాలు, సైనికులు, నాట్యగత్తెలు బారులు తీరి ఉంటారు. ఇవన్నీ గ్రూపులో దొరకవా అంటే, అడిగితే దొరుకుతాయి. అడగాలంటే అలాంటిదొకటి ఉందని ముందు తెలిసుండాలి కదా.

పుస్తకం పాతబడుతుందన్నది నిజమే. తుంగభద్ర అవతల విరూపాపుర గడ్డిలో బస చేయమనే పాత గైడును నమ్ముకుంటే ఇబ్బందే. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 2020లో అక్కడి గెస్ట్‌హౌసులు కూలగొట్టారు. బస్సు ఎన్నింటికి, గది అద్దె ఎంత, పుట్టి నడుస్తోందా లేదా, ఇలాంటివి గ్రూపులోనే అడగండి. నేనూ అడుగుతాను.

గైడు రాసేవాళ్లూ మోసం చేస్తారంటారా? చేస్తారు. లోన్లీ ప్లానెట్ కొలంబియా గైడుకు పనిచేసిన థామస్ కోన్‌స్టామ్ ఆ దేశం వెళ్లనేలేదని 2008లో బయటపడింది. చరిత్ర భాగం రాయడానికే పెట్టుకున్నాం, వెళ్లమనలేదని ఆ సంస్థ సంజాయిషీ చెప్పుకోవాల్సొచ్చింది. పుస్తకం మీద పేరుంది కాబట్టి నిలదీశారు. 2017లో లండన్లో ఊబా బట్లర్ తన పెరట్లోని షెడ్డును రెస్టారెంటని చెప్పి, ఒక్కరికీ వడ్డించకుండానే, దొంగ రివ్యూలతో ట్రిప్‌అడ్వైజర్‌లో నగరం మొత్తానికి మొదటి స్థానంలో కూర్చోబెట్టాడు. ఆ రివ్యూలు రాసినవాళ్లలో ఎవరు ఎవరికి సంజాయిషీ చెప్పారు?

తోటి ప్రయాణికుడి మాట వినడం మన పాత అలవాటేనని, ఏనుగుల వీరాస్వామయ్యను చూపించేవాళ్లున్నారు. 1830లో చెన్నపట్నం నుంచి బయల్దేరిన ఆయన మజిలీ మజిలీకీ దారి ఎలాంటిదో, నీళ్లున్నాయో లేవో, అంగళ్లలో ఏం దొరుకుతుందో వెనక వచ్చేవాళ్లకోసం రాసుకుంటూ పోయాడు. ‘కాశీయాత్ర చరిత్ర’ తెరిస్తే తన బస బాగుందన్న ముచ్చటకన్నా ఇవే ఎక్కువ. గ్రూపుకొక వీరాస్వామయ్య ఉంటే నాకీ వ్యాసం రాసే పని తప్పేది.