జామచెట్టు వెంట వస్తుందా?

అమీన్‌పూర్ నుంచి ఒక అమ్మాయి ఇలా రాసింది:

"మా అద్దె ఇంటి పెరట్లో నానమ్మ నాటిన జామచెట్టు ఉన్నది. కోహీరు నుంచి తెచ్చిన అంటు అది. నానమ్మ పోయిన ఏడు చనిపోయింది. మేము దసరాలోపల ఇల్లు ఖాళీ చెయ్యాలి. తరవాత ఇంటివారు ఆ చెట్టు కొట్టించి గదులు కట్టిస్తారట. నేను జామగింజలు నాటితే మొలిచాయి. కాని అవి నానమ్మ చెట్టు కావని మామయ్య అంటున్నాడు. కొమ్మలు విరిచి నీళ్ళ గ్లాసులో పెట్టాను. అన్నీ వాడిపోయాయి. ఏం చెయ్యను?"

అమ్మాయీ, మీ మామయ్య చెప్పింది నిజమే. గింజ నుంచి మొలిచేది చెట్టుకు బిడ్డ వంటిది. పువ్వు మీద పడిన పుప్పొడి ఏ చెట్టుదో! సొంత పుప్పొడే పడినా, గుణాలు కలిసిపోయి కొత్తగా పంచుకుంటాయి. తల్లి పోలిక ఉండవచ్చు గాని, తల్లే కాదు.

దీనికి నిదర్శనం మీ జిల్లాలోనే ఉన్నది. సంగారెడ్డి పండ్ల పరిశోధనా కేంద్రంలో కోహీరు జామనూ, అలహాబాదు సఫేదానూ సంకరం చేసి "సఫేద్ జామ్", "కోహీర్ సఫేదా" అనే రకాలు తయారు చేశారు. చూశావా? అవే రెండు జామలు కలిస్తే రెండు వేరు వేరు రకాలు పుట్టాయి! అటువంటి రకం మారిపోకుండా ఉండాలంటే గింజలు నాటకూడదు, అంట్లు కట్టాలి. ఎందుకంటే, అంటు చెట్టుకు బిడ్డ కాదు. అది ఆ చెట్టే.

మరి నీ కొమ్మలు ఎందుకు వాడిపోయాయి? ఆకులు ఎప్పుడూ నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటాయి. మందారపు కొమ్మ చాలాసార్లు సులభంగానే వేళ్ళు వేస్తుంది. ముదిరిన జామకొమ్మ అలా కాదు. వేళ్ళు వచ్చేలోపలే ఎండిపోతుంది. కనక కొమ్మ చెట్టున ఉండగానే దానికి వేళ్ళు పుట్టించాలి. దీన్నే గాలి అంటు అంటారు. ఇందుకు వానాకాలమే మంచి అదను.

ముందుగా ఇంటివారి అనుమతి అడుగు. తరవాత పెన్సిలంత లావుగల ఆరోగ్యమైన కొమ్మలు మూడు నాలుగు ఎంచుకో. అన్నీ అంటుకోకపోవచ్చును, అందుకని ఒక్కదానితో ఊరుకోవద్దు. కత్తి పని మామయ్య చేత చేయించు. కొమ్మ చుట్టూ అంగుళం వెడల్పున బెరడును ఉంగరంలాగా ఒలిచివెయ్యాలి. లోపల కొయ్య మీద ఉండే జిగురు పొరను కూడా గీకెయ్యాలి. లేకపోతే బెరడు మళ్ళీ కలుసుకుంటుంది.

ఇలా చేస్తే కొమ్మ చావదా అంటావేమో. చావదు. వేళ్ళు పంపే నీరు లోపలి కొయ్యగుండా పైకి పోతుంది. ఆ దారి తెరిచే ఉన్నది. ఆకులు వండిన ఆహారం మాత్రం బెరడుగుండా కిందికి దిగాలి. ఆ దారి తెగింది గనక, ఆహారమూ, వేళ్ళు పుట్టించే రసాలూ ఉంగరానికి పై అంచున చేరతాయి. వేళ్ళు అక్కడే పుడతాయి.

నానబెట్టి పిండిన కొబ్బరిపొట్టును గాటు చుట్టూ పిడికెడు అద్ది, పైన తెల్లని పాలిథిన్ కాగితం చుట్టి, రెండు చివరలా పురికొసతో గట్టిగా కట్టాలి. లోపలి తడి బయటికి పోకూడదు, బయటి వాన లోపలికి రాకూడదు. తరవాత రోజూ విప్పి చూడకు! నెలన్నర, రెండు నెలలలో కాగితం వెనక తెల్లని వేళ్ళు వాటంతట అవే కనిపిస్తాయి.

వేళ్ళు దట్టమైనాక, అంటు కింద కొమ్మకు సగందాకా గాటు పెట్టించు. వారం తరవాత పూర్తిగా కోయించు. సగం ఆకులు తుంచి, కాగితం విప్పి, వేళ్ళు కదలకుండా కుండీలో నాటు. రెండు మూడు వారాలు నీడన ఉంచు. మట్టి తడిగా ఉంటే చాలు; నీళ్ళు నిలిస్తే లేతవేళ్ళు కుళ్ళుతాయి.

ఇవాళే మొదలుపెడితే దసరాకు సరిపోతుంది. ఆషాఢం దాటిపోతే కష్టం.

మీ ఊరి పెద్దచెరువును 2016లో ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. పెరటి జామచెట్టుకు అటువంటి ప్రకటన ఎవరూ చెయ్యరు. దాన్ని కాపాడవలసింది నువ్వే. మొదటి చెట్టును కొట్టేస్తారు, ఆ సంగతి దాచను. కాని కొత్త ఇంట్లో కాసే జామపండు మీ నానమ్మ నాటిన చెట్టుదే అవుతుంది. ఒక అంటు ఎక్కువ వస్తే ఇంటివారికి ఇయ్యి. గదులు కట్టినాక గేటు పక్కన కాస్త చోటు మిగలవచ్చును!