రాతి గనిలో మహాభారతం

1985లో ఫ్రాన్స్‌లోని అవిన్యోన్ నాటకోత్సవంలో, ఊరవతల పాత రాతి గనిలో బ్రిటిష్ నాటక దర్శకుడు పీటర్ బ్రూక్ మహాభారతం ఆడించాడు. తొమ్మిది గంటల నాటకం! కొన్ని రాత్రులు ఏకబిగిన తెల్లారేదాకా సాగింది.

రంగుల తెరల ఆర్భాటం లేదు. నేలంతా మట్టి, ఓ నీటి మడుగు, భగ్గుమనే మంటలు. కళ్లూ చెవులతో పాటు ముక్కుకీ పని. సంగీత బృందానికి పెద్ద జపాన్ వాద్యకారుడు తోషి త్సుచితోరి. భీష్ముడేమో పశ్చిమాఫ్రికా కథాగాయకుల వంశీకుడు సోతిగి కుయాతే. ద్రౌపది? మన కూచిపూడి నేర్చిన మల్లికా సారాభాయ్.

కథను దాని నేల నుంచి పెకలించారని నాటక విమర్శకుడు రుస్తుం భరూచా దుమ్మెత్తిపోశాడు. గీతాబోధను తేల్చేశారన్న మాట నిజమే. అయినా రాత్రంతా తోలుబొమ్మలాట చూసిన జాతికి ఈ కలగలుపు మింగుడుపడనిదేం కాదు. దేశదేశాలు తిరిగిన ఆ నాటకం భారత గడ్డపై మాత్రం ఆడనే లేదు. అదే అసలు లోటు.