వృద్ధరోగి విడుదల చీటీ

వేంపల్లె ప్రాంతపు వృద్ధులు జబ్బు ముదిరినచో కడప పెద్దాసుపత్రికి పోవుదురు. చికిత్స ముగిసిన పిమ్మట ఇంట జూచువారు లేనివారికి వృద్ధాశ్రమమే గతి. అచ్చటికి రోగి చేరును, రోగవృత్తాంతము చేరదు. విడుదల చీటీ తఱచుగా ఆంగ్లమున నుండును. ఏ మాత్ర మానవలెనో వార్డులో నోటిమాటగా చెప్పుదురు. విన్నవాడొకడు, మందు వేయువాడు వేఱొకడు. మానుమన్న రక్తపుపోటు మాత్రను పాతచీటీ చూచి మరల వేసినచో ముసలిప్రాణము తూలి పడదా?

ఇది మన సీమ కొఱత మాత్రమే కాదు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందులవలని హానిని తగ్గింపబూని, రోగి చేతులు మాఱు ఘట్టమును మూడు ముఖ్యాంశములలో నొకటిగా నెన్నినది. మన 2007 నాటి వయోవృద్ధుల పోషణ చట్టము 19వ సెక్షనున జిల్లాకొక నిరుపేదల వృద్ధాశ్రమమును, 20వ సెక్షనున ప్రభుత్వ వైద్యశాలలలో వృద్ధులకు పడకలను పేర్కొన్నది. ఆ రెంటి నడిమి దారిని గూర్చి పలుకదు.

మేము కోరునది స్వల్పము: తెలుగున నొక్క పుట. మానిన మందు, చేర్చిన మందు, మరల చూపవలసిన దినము, వైద్యశాల ఫోను నంబరు. ఆశ్రమమువారు దానిని చదివి వినిపించిన పిమ్మటనే రోగిని అప్పగింపవలెను. ఇందుకు వలసినది ధనము గాదు, శ్రద్ధ. నోటు చదివి వినిపింపక వ్రేలిముద్ర వేయింపరాదని యెఱిగిన మనము, ప్రాణముతో ముడిపడిన చీటీని చదువకయే పంపవచ్చునా?