మన ఆట – మన లెక్క



వార్షికోత్సవ సంచిక అనగానే చదువు గురించో, జీవిత లక్ష్యం గురించో రాయడం మన ఆనవాయితీ. నేను ఈసారి ఒక ఆట గురించి రాస్తున్నాను. దాని పేరు డిస్క్ గోల్ఫ్. గోల్ఫ్ అన్నానని "అది దొరల ఆట కదా" అనుకుని పేజీ తిప్పకండి. ఈ ఆటను పెయింట్ డబ్బా మూతతో కూడా ఆడుకోవచ్చు. మేం అలాగే మొదలుపెట్టాం.

నేను నల్లగొండ జిల్లా పల్లె నుంచి వచ్చినవాణ్ణి. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాణ్ణి నేనే. ఊళ్లో చిర్రగోనె, గోటీలు, కబడ్డీ ఆడి పెరిగాను. ఎల్బీ నగర్ చౌరస్తాలో బస్సు దిగిన రోజు నుంచి ఆట అనే మాటే మరిచిపోయాను. ఇక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. ఒకసారి పదిమందిమి కలిసి వల కట్టిన టర్ఫ్ గ్రౌండుకు వెళ్తే గంటకు వెయ్యి రూపాయలన్నారు. అంటే తలా వంద. 2024లో డైట్ చార్జీలను 1,500 నుంచి 2,100కు పెంచాక కూడా, కాలేజీ హాస్టల్ విద్యార్థి తిండికి రోజుకు వచ్చేది 70 రూపాయలే. గంట ఆటకు ఒకటిన్నర రోజు కూడు పోతుంది. మారు మాట్లాడకుండా తిరిగొచ్చాం.

కిందటేడు వార్షికోత్సవానికి మన హాస్టల్లోనే చదివి ఇప్పుడు అమెరికాలో ఉద్యోగం చేస్తున్న ఒక అన్న వచ్చారు. అందరూ పెన్నులు, పుస్తకాలు ఇస్తే ఆయన ఒక గట్టి ప్లాస్టిక్ పళ్లెం ఇచ్చి వెళ్లారు. "మా ఇంటి దగ్గర పార్కులో సాయంత్రం దీనితో ఆడతాను, పైసా టికెట్ లేదు" అన్నారు. ఆ మాట నా మనసులో పడింది.

ఆట చాలా తేలిక. ఒక చోట నిలబడి, దూరంగా ఉన్న గొలుసుల బుట్టలోకి పళ్లెం విసరాలి. ఎక్కడ పడితే అక్కడి నుంచి మళ్లీ విసరాలి. బుట్టలో పడేదాకా ఎన్ని విసుర్లయ్యాయో లెక్క పెట్టుకోవాలి. అలా తొమ్మిది బుట్టలు గానీ, పద్దెనిమిది బుట్టలు గానీ పూర్తి చేయాలి. మొత్తం మీద తక్కువ విసుర్లతో ముగించినవాడు గెలిచినట్టు. బుట్టకు దూరంగా ఉన్నవాడిదే ముందు వంతు. ముందు మనిషి ఉంటే విసరకూడదు, ఎందుకంటే అసలు డిస్కు తగిలితే దెబ్బ గట్టిగానే తగులుతుంది.

దీని పుట్టుక కూడా మనలాంటిదే. అమెరికాలో ఫ్రిస్బీ పై కంపెనీ అనే బేకరీ రేకు పళ్లేలను పిల్లలు విసురుకుని ఆడేవారు. 1957లో వామ్-ఓ కంపెనీ ప్లాస్టిక్ పళ్లేనికి ఆ పేరే పెట్టుకుంది. మొదట్లో ఆడినవాళ్లు చెట్లను, దీపస్తంభాలను, చెత్తడబ్బాలను గురిగా పెట్టుకున్నారు. ఎడ్ హెడ్రిక్ అనే ఆయన 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి శాశ్వత కోర్సు వేశారు. గొలుసుల బుట్ట కనిపెట్టిందీ ఆయనే. 2002లో ఆయన చనిపోయాక, ఆయన కోరిక మేరకు చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు. ఆట మీద అంత ప్రేమ.

రేకు పళ్లెంతో వాళ్లు మొదలుపెడితే, ఇరవై లీటర్ల పెయింట్ డబ్బా మూతతో మనం ఎందుకు మొదలుపెట్టకూడదు? మన హాస్టల్ వెనక ఉన్న జాగాలో తొమ్మిది గురులు పెట్టుకున్నాం. మొదటిది వేపచెట్టు, రెండోది బోరు మోటారు గది పక్క స్తంభం, మూడోది వాలీబాల్ పోలు, నాలుగోది బట్టలారేసే తీగ గుంజ... చివరిది విరిగిన మంచాల కుప్ప అవతలి చింతచెట్టు. ఒక్కోదానికి మూడు విసుర్ల లెక్కన మొత్తం 27. మూత తేలిక కాబట్టి గాలి ఎటుంటే అటు పోతుంది. బలంగా విసిరేవాడికన్నా మణికట్టు తిప్పి బల్లపరుపుగా వదిలేవాడికే బాగా కుదురుతుంది. అందుకే కబడ్డీలో ఎవరూ పిలవని బక్కపలచని తమ్ముళ్లు ఇందులో మమ్మల్ని ఓడించారు.

ఇప్పుడు నేను సిగ్గుపడిన సంగతి చెబుతాను. ఒక ఆదివారం పోటీ పెట్టుకున్నాం. ఈ ఆటలో మామూలుగా రెఫరీ ఉండడు. ఎవరి లెక్క వాళ్లే చెప్పాలి. మంచాల కుప్ప వెనక నా మూత చెట్టుకు తగల్లేదు. ఎవరూ చూడలేదు. నేను 32కు బదులు 31 అని రాయించాను. నా వెనక వచ్చిన ఇంటర్ ఫస్టియర్ తమ్ముడు మాత్రం "అన్నా, నాది కూడా తగల్లేదు, ఒకటి ఎక్కువ రాయి" అన్నాడు. ఆ ఒక్కటితో వాడు నా వెనక పడ్డాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి మెస్సులో అందరి ముందు నిజం చెప్పి, మొదటి స్థానం వాడికిచ్చాను.

మిత్రులారా, నా అభిప్రాయమంతా ఇందులోనే ఉంది. చిన్నప్పటి నుంచి మన లెక్క ఇతరులే వేస్తున్నారు. హాజరు పట్టీ, వేలిముద్ర, ఆదాయ ధ్రువపత్రం, ర్యాంకు. "వీడు నిజం చెబుతున్నాడా" అని ప్రతిచోటా అనుమానమే. మన మాటనే మన లెక్కగా తీసుకునే చోటు ఎక్కడుంది? ఆ తొమ్మిది చెట్ల మధ్య ఉంది. అక్కడ అబద్ధమాడితే మోసపోయేది మనమే. నిజం చెబితే దానికి సాక్షి సంతకం అక్కర్లేదు.

కొందరు "విదేశీ ఆట మనకెందుకు" అంటారు. మనం రోజూ ఆడే వాలీబాల్ కూడా 1895లో అమెరికాలో పుట్టిందే. కబడ్డీని మానమని నేను అనడం లేదు. కబడ్డీకి రెండు జట్లు కావాలి, బలం కావాలి. దీనికి ఒక్కడున్నా చాలు. జాగా తక్కువ ఉన్న చెల్లెళ్ల హాస్టల్లో నాలుగు గురులు పెట్టుకున్నా ఆట ఆటే.

"దీనివల్ల ఉద్యోగం వస్తుందా" అని ఇంకొందరు అడుగుతారు. పాల్ మెక్‌బెత్ అనే ఆటగాడితో 2021లో డిస్క్‌క్రాఫ్ట్ కంపెనీ పదేళ్లకు కోటి డాలర్ల ఒప్పందం చేసుకుంది. అది ప్రపంచ విజేత సంగతి. మనకు ఉద్యోగం రాకపోవచ్చు. గ్రూప్స్ పుస్తకాల ముందు పది గంటలు కూర్చుని మొద్దుబారిన తలకు ఒక గంట గాలి తగలడం తక్కువ లాభమా?

ఇక నా విన్నపాలు మూడు. మొదటిది, వార్డెన్ గారికి: ఆ జాగాలో పేరుకుపోయిన విరిగిన మంచాలను, ఇనుప సామానును తీయించండి. ఖాళీగా కనిపించే జాగాకు ఏదో ఒక షెడ్డు కట్టాలన్న ఆలోచన ఎప్పుడైనా రావచ్చు. పిల్లలు రోజూ ఆడే జాగాను అంత తేలిగ్గా ఎవరూ ముట్టుకోరు. రెండోది, పూర్వ విద్యార్థులకు: ఇనుప గొట్టం, పాత సైకిల్ చక్రం, గొలుసులతో ఒక బుట్ట చేయడానికి వెల్డింగ్ షాపు అతను 1,500 రూపాయలు అడిగాడు. తొమ్మిదింటికి 13,500. తొమ్మిది మంది అన్నలు, అక్కలు తలా ఒక బుట్ట అనుకుంటే పని అయిపోతుంది. మూడోది, తమ్ముళ్లకు: సిమెంటు దిమ్మెలు మనమే పోద్దాం, గుంతలు మనమే తీద్దాం.

వచ్చే వార్షికోత్సవానికి వచ్చే అన్నలూ, అక్కలూ, సన్మాన సభ అయిపోగానే వెళ్లిపోకండి. వెనక జాగాకు రండి. తలా ఒక డిస్కు ఇస్తాం. ఎన్ని విసుర్లయ్యాయో మేం అడగం. మీరే చెప్పండి, మేం నమ్ముతాం.